మూడో టేకు

రుషికొండ అద్దె బంగళాలో
పూజగది నేనే కట్టాను.
థర్మాకోల్ గోపురం, ఇత్తడి రంగేసిన గంట.

ఈ ఎపిసోడులో నిరంజన్ తల్లితో చెప్పేస్తాడు,
తను ప్రేమించింది మాధవ్‌నని.
ఆ మాట పడగానే దీపం ఆరాలి,
కుంకుమ భరిణె దొర్లాలి,
అమ్మవారి కళ్ళ మీదికి కెమెరా
మూడుసార్లు ఉరకాలి.

దీపం ఆర్పడం నా పని.
స్టాండు ఫ్యాను స్విచ్చు మీద వేలుంచి
మంచం చాటున కూచున్నాను.

మొదటి టేకు, ఆరలేదు.
రెండో టేకు, ఊగింది, వంగింది,
మళ్ళీ నిలబడింది.
"నూనె ఎక్కువ పోశావురా!" డైరెక్టరు కసిరాడు.
పోశాను. కావాలనే పోశాను.
మూడోసారికి ఆరింది.
చప్పట్లు.
నిరంజన్ వేషం కుర్రాడొక్కడే
వత్తి పొగని కాసేపు చూశాడు.

గోపాలపట్నంలో బస్సు దిగేసరికి
స్కూటరు మీద పైడిరాజు.
క్యూలకి సరుగుడు కర్రలు కట్టి వచ్చాడు,
అరచేతుల నిండా పేళ్ళు.

రేపు చందనోత్సవం.
ఏడాదంతా గంధం మాటునుండే అప్పన్న
ఒక్కరోజు ఉన్నదున్నట్టు కనబడతాడు.
చూడ్డానికి రాత్రినుంచే జనం.
ఎవరి చేతిలో పళ్ళెమూ జారిపడదు.

గదిలో ట్యూబులైటు మాడి వారమైంది.
దేవుడి గూటి దగ్గరికి అతని చెయ్యి లాక్కుని
పిన్నీసుతో ఒక్కో పేడూ తీస్తున్నాను.
వెలుతురు చాలక వత్తి ఎగదోశాను.

"ఫేను కట్టీరా" అన్నాడు పైడిరాజు,
"దీపం ఆరిపోద్ది."

కట్టేశాను.
ఇద్దరికీ ఒకటే చెమట.