నడుముకు కట్టిన నోరు

ముందు బ్యాటరీలు.
నిన్నటివి సగం నిండుగానే ఉన్నా నమ్మను.
కొత్త జత రేపరు పళ్ళతో చించి
స్ప్రింగుకు ఆనించి మూత నొక్కితే
చిన్న పచ్చదీపం కన్ను తెరుస్తుంది.

తరవాత దారి వెతకాలి.
కుతాయిసి గాలిలో ఈ సాయంత్రం ఎంత రద్దీ!
టీవీ టవరు, టాక్సీవాళ్ళ సెట్లు,
రియోని వంతెన పక్క పెళ్ళిలో నాలుగు మైకులు.
రిసీవరు అన్ని గుమ్మాలూ తట్టి తట్టి
ఎవరూ లేని సందు ఒకటి చూపిస్తుంది.
రెండు పెట్టెల్నీ ఎదురెదురుగా పట్టి
కంటికి ఆనని వెలుగులో
ఆ సందు పేరు ఒకదాని నుంచి ఒకదానికి ఊదుతాను.
ఈ రాత్రికి ఇద్దరిదీ ఒకటే అడ్రసు.

"మళ్ళీ ఆ ఇటుకేనా నా నడుముకి?"
లమారాకి అరవై తొమ్మిదేళ్ళు.
ఒకప్పుడు మైకు అంటే ఉమ్మేసేవారు.
బాల్కనీ చివరి వరసలో వాల్‌నట్ నమిలేవాడు కూడా
ఆవిడ గుసగుసకి దవడ ఆపేవాడట.
గొంతులో గడ్డ కోయించుకున్నాక
మిగిలింది ఒక నూలుపోగు.
ఆ పోగుని హాలంతా పరిచే పని నాది.

ఏరియల్ మడవకూడదు, ఒంటికి అంటకూడదు;
మనిషి ఒళ్ళు నీళ్ళకుండ, సిగ్నలుని తాగేస్తుంది.
చెమట దిగకుండా పెట్టెకి రబ్బరు తొడుగు
(మందుల షాపతను ప్రతి నెలా నన్ను చూసి
ఏదో ఊహించుకుని తల దించుకుంటాడు).
తల తిప్పినా లాగకుండా వైరుకి కాస్త వదులు.
మినపగింజంత మైకు నుదుటి జుట్టు మొదట్లో.
"కొడుకు చచ్చిపోయినప్పటి అరుపు అరవండి."
అరిచారు. ఎర్రదీపం.
గెయిన్ ఆరు మెట్లు దించాను.
"గుసగుస?"
పచ్చదీపం వణికింది. చాలు.

గోడలకు చెవులుంటాయంటారు.
ఇక్కడ నడుముకు నోరుంది.
దాని స్విచ్చి తెరిచే ఉంచి లాక్ చేస్తాను;
మూసేదీ తెరిచేదీ బోర్డు మీద నా వేలు.
హాలుకి మూసినా నా హెడ్‌ఫోనుకి మూయను,
లైను బతికుందో లేదో వినాలి కదా.

అలా విన్నాను, మూడో రాత్రి,
పక్క తెర చీకట్లోంచి.
ప్రార్థన అనుకున్నాను మొదట.
"నాలుగు, అయిదు, ఆరు... ఇక్కడ మెట్టు... ఏడు,
కుర్చీ వీపు. ఎడమకి."
మళ్ళీ మొదటినుంచి.
మళ్ళీ.

ఆవిడకి మెట్టు కనిపించడం లేదు.
కొడుకు కళ్ళలోకి అంత సూటిగా చూసి మాట్లాడతారే,
అది గొంతు వచ్చిన వైపు చూడటం.

డైరెక్టరుకి చెప్పలేదు.
మర్నాడు మెట్టు అంచున తెల్లటేపు వేశాను.
అయినా లెక్క ఆగలేదు, ఓసారి కాలు తడబడింది కూడా.
ఆ మరుసటి రోజు
మెట్టుకి ఒక అడుగు ఇవతల, తివాచీ కింద
సన్నతాడు పరిచి మేకులు కొట్టాను,
అరికాలికి మాత్రం తెలిసేలా.

ఆ రాత్రి హెడ్‌ఫోనులో
"నాలుగు... అయిదు..."
ఆగారు. ఊపిరి.
చెప్పు నేలకి రెండుసార్లు రాసుకున్న చప్పుడు.
ఆరో అంకె రాలేదు.

విప్పుతుంటే పెట్టె పిల్లి పొట్టలా వెచ్చగా ఉంది.
"ఆ స్విచ్చి," అన్నారు అద్దంలో ఎటో చూస్తూ,
"నువ్వెప్పుడూ మూయవు కదూ?"
నేను వైరు చుడుతున్నాను.
"మూయను."
"ఊఁ," అని చెయ్యి చాచారు, చెవిపోగులు తీసిపెట్టమని.

ఆ బ్యాటరీలు ఇంటికి తెచ్చుకుంటాను.
సగం నిండినవి పారేయడానికి చేతులు రావు.
మా బిల్డింగు మెట్లమీద దీపం పోయి రెండేళ్ళు;
అయిదంతస్తుల వాళ్ళ టార్చిలకీ ఇవే.
రాత్రి పదకొండింటికి ఎవరో పైకి వస్తుంటే
గోడమీద గుండ్రటి వెలుగు
ఒక్కో మెట్టూ తడుముకుంటూ పోతుంది.