ప్రోటోకాల్ రాయి

అక్షరానికి పన్నెండు రూపాయలు నా రేటు.
ఒత్తుకు వేరే లెక్కగట్ట.
"గౌరవనీయులు" అన్న మాట
కండ్లు మూసుకొని చెక్కుత.
పార్టీ ఏదైనా గా మాట మారదు,
దాని పక్కన పేర్లే మారుతయి.

బొందివాగు మోరి మీద చిన్న కల్వర్టు.
దానికి మొదటి రాయి నేనే చెక్కిన.
కరీంనగర్ నల్లరాయి, నాలుగు ఫీట్ల పొడుగు.
పేర్లు పద్నాలుగు.
పని ఒక్క లైను.

పైసలు ఢిల్లీయి, ఢిల్లీ పేరే మీదుండాలని
పొద్దుగాల ఒక ఫోను.
పైసలెవలియైనా నేల మాదని
పగటీలి హైదరాబాదు నుంచి ఇంకో ఫోను.
పొద్దుగూకినంక కార్పొరేటరమ్మ మరిది బండేసుకొచ్చి
"ఓదెలన్నా, మా వదిన పేరు
చీమలు గూడ చదువరాకుంట చెక్కినవేందే" అన్నడు.
నేను స్కేలు తీసి చూపెట్టిన.
స్కేలు ఏ పార్టీదని అడిగిండు.
నవ్వుతడేమో అని చూసిన. నవ్వలే.

పేరుకు పేరుకు నడుమ అర అంగుళం.
గా అర అంగుళం కోసం
హన్మకొండ చౌరస్తాల దిష్టిబొమ్మ కాలవెట్టిండ్రు.
ఎవల బొమ్మనో చూద్దమని పోయిన.
అప్పటికే అంగి కాలింది, మూతి కాలింది,
ఉత్త వరిగడ్డి మిగిలింది.
కౌన్సిల్ల ఒకలు కుర్చీలు లేపిండ్రట,
ఒకలు ఎజెండ చింపిండ్రట.
వాకౌట్ చేసినోళ్లు, చేపిచ్చినోళ్లు
ఒక్క క్యాంటీన్ల చాయ్ తాగవోయిండ్రట.
క్యాంటీను యాదగిరి చెప్పిండు.
ఆయనకూ బాకే.

ఒకనాడు తెల్లారి చూస్తే రాయి మూడు ముక్కలు.
"గౌర" మోరిల వడ్డది,
"వనీయులు" ఒడ్డు మీద.

రెండో రాయి చెక్కిన.
పరదా కట్టిండ్రు, తాడు గుంజేటోళ్లు రాలే,
ఎలక్షన్ కోడ్ వచ్చింది.
ఎలక్షన్ అయినంక పేర్లు మారినయి.
కొత్త రాయికి పైసల్లేవు, దాని ఎనుకవక్కనే చెక్కుమన్నరు.
చెక్కిన.
ఇప్పుడు దానికి ముందూ లేదు, ఎనుకా లేదు.

ఆషాఢంల వాగు ఇండ్లల్లకొచ్చింది.
కొంరక్క మనుమడు వర్షిత్
బడి సంచితోని మోరి దాటవోయి జారిండు.
జుట్టు దొరికింది గనుక గుంజిండ్రు.
సంచి దొరకలే.
మర్నాడు రెండు పడవలొచ్చినయి, రెండు రంగుల కండువలు.
పులిహోర పొట్లాలు మాత్రం ఒక్క హోటల్‌వే.
పైసలు ఇయ్యలేదని ఈ పడవోళ్లు,
ఇచ్చిన పైసలు తిన్నరని ఆ పడవోళ్లు,
నడుమ నడుమంటి నీళ్లల్ల మేము
ఇటు తల, అటు తల తిప్పుకుంట.

నీళ్లు తీసినంక
ఆరుగురు ఆడోళ్లు నా కొట్టంకాడికొచ్చిండ్రు.
ఒకామె చేతిల గడ్డపార, ఒకామె చేతిల మోకు.
కొంరక్క ముచ్చట పెట్టలే, రాయి దిక్కు చూసింది.
"బిల్లు రాలే అక్కా, అది ఇంక నాదే" అన్న.
"నీదైతే ఇయ్యి."

మోరికి అడ్డం పరిచేటప్పుడు ఆగింది.
"ఓదెలూ, అక్షరం తొక్కితే పాపమంటరు.
ఏ దిక్కు మీదికి పెట్టాలె?"
రెండు దిక్కులా అక్షరాలే.
ముప్పై ఏండ్ల పనిల నన్నెవలూ
అసొంటి సవాలు అడగలే.

జెరసేపు ఆలోచన చేసి చెప్పిన:
"నున్నటి రాయి వానల జారుతది.
పేర్లు ఎక్కువున్న దిక్కు మీదికి పెట్టు.
కాలు ఆగుతది."

వర్షిత్ ముందుగాల దాటిండు, కొత్త సంచితోని.
మడిమె "గౌరవనీయులు" మీద ఆనిచ్చి
ఒక్క దుంకు.

నిన్న కార్పొరేషన్ నుంచి మల్ల ఫోను.
అదే కల్వర్టు, కొత్త రాయి.
తేదీ ఏం చెక్కాలె అని అడిగిన.
జాగ ఇడిసిపెట్టుమన్నరు.
పాత బాకీ అడిగిన.
సిగ్నల్ లేదన్నరు.

పొద్దుగాల రాయి మీదికెంచి నడుచుకుంట పోయిన.
"అంచనా వ్యయం" పక్కన సున్నాలల్ల
రాత్రి వాన నిలిచింది.
కొంరక్క కోడి ఒక్కొక్క సున్నా తాగుకుంట పోతాంది,
ఎడమ దిక్కు నుంచి.