పొర మాత్రమే

డనీడిన్‌లో జూన్ అంటే చలికాలం.
నిరుడు ఒక పొద్దున ఆసుపత్రి వెనక మెట్ల దగ్గర
నీలం డబ్బా అందుకున్నాను.
మంచుగడ్డల మధ్య, గిన్నెలో, ఒక మాయ.
దాని పని అయిపోయి ఇంకా గంట కాలేదు.

కాగితం మీద పేరుండదు, నంబరుంటుంది.
ఆ రోజు నంబరు కింద
ఎవరో పెన్ను గట్టిగా ఒత్తి రాశారు:
"పొర మాత్రమే. మిగతాది మాకు తిరిగి ఇవ్వాలి."
'ఇవ్వాలి' కింద రెండు గీతలు.

ఇక్కడి మావోరీలకు
నేలకూ మాయకూ ఒకటే మాట, ఫెనువా.
బిడ్డ బయటపడ్డాక దాన్ని తీసుకెళ్ళి
తమవాళ్ళ కొండవాలులో పాతిపెడతారు,
నువ్వు ఎక్కడిదానివో
నీకన్నా ముందే మట్టికి తెలిసేట్టు.
నా భాషలో మాయ అంటే ఇంకొకటి కూడా,
ఉన్నట్టే ఉండి లేనిది.
రెండు భాషలూ ఒకే గిన్నెలోకి తొంగిచూశాయి
నా చేతి తొడుగుల మీదుగా.

పొర విప్పడం తొందరపడే పని కాదు.
అంచు పట్టుకుని, తడిజుట్టు చిక్కు తీసినట్టు
మెల్లగా లాగాలి.
లేస్తుంది, ఉల్లిపొరకన్నా పలచగా.
లైటుకు అడ్డం పెడితే అవతల నా వేళ్ళు.
తొమ్మిది నెలల ఉమ్మనీటిని ఆపింది ఇదేనా
అని పదకొండేళ్ళుగా అడుగుతున్నాను,
జవాబు తెలిసే అడుగుతున్నాను.

మిగతాది వాళ్ళు పంపిన
హరకెకె ఆకుల బుట్టలో పెట్టాను.
మూత మీద ముడి నాకు చేతకాలేదు.
మంత్రసాని నవ్వి తనే వేసింది.

తర్వాత సబ్బునీళ్ళు, ఉప్పునీళ్ళు,
రాత్రంతా ఊగే పళ్ళెం.
తల్లి కణాలు, బిడ్డ కణాలు
ఒక్కొక్కటే ఖాళీ చేసి వెళ్ళిపోతాయి.
నేత మిగులుతుంది, నేసినవాళ్ళు లేని నేత.
డాక్టర్లు దీనికి నోరు తిరగని పేరు పెట్టారు.
నేను పందిరి అంటాను.
పాదు అల్లుకునేదాకా నిలబడి
అల్లుకున్నాక తనంతట తాను పుచ్చిపోయే పందిరి.

రెండో కాగితంలో ఇంతే ఉంది:
మగ. నలభై ఆరు. ఎడమ మోకాలు.
గొర్రెల బొచ్చు తీసే పని.
టల్లక్ అని నేనే పేరు పెట్టుకున్నాను.
రోజుకు మూడు వందల గొర్రెలు,
ఒక్కోదాన్నీ మోకాళ్ళ మధ్య ఇరికించి, నడుం వంచి,
ఇరవై ఆరేళ్ళు.
గుజ్జు అరిగిపోయిందన్నారు.
నెత్తురు వెళ్ళే దారి లేని చోటది,
గాయమైతే కబురు పంపడానికి నరం కూడా లేదు.
అరిగినంత కాలం అరుగుతుంది, చెప్పకుండా.

ఆమెకూ పేరు పెట్టాను, మెరెయానా.
వాళ్ళ ముసలమ్మ అడిగే ఉంటుంది:
"మన మాయలో ముక్క కోసి పరాయివాడికిస్తావా?"
"ముక్క కాదు నానమ్మా, పొర."
"ఎక్కడ పెడతారట?"
"ఎవరిదో మోకాలిలో."
ముసలమ్మ కిటికీలోంచి చాలాసేపు వాన చూసి ఉంటుంది.
"మోకాలా. సరే.
లేచి నిలబడితే వాడి కింద ఉండేదీ నేలే కదా.
మిగతాది మాత్రం వదలొద్దు, గట్టిగా రాయి."
అప్పుడు పడి ఉంటాయి ఆ రెండు గీతలు.
లేదా ఇవేవీ జరగలేదు.
పెన్ను సరిగ్గా రాయక
రెండుసార్లు గీశారేమో.

ఏడాది దాటింది.
సర్జన్ బొమ్మ తీసి చూపించింది.
గుంట చాలావరకు పూడింది,
ఒక మూల మాత్రం పట్టలేదు.
ఇది ఇంకా పరీక్షే, ఏదీ గట్టిగా చెప్పలేమంది.
మెట్లు దిగుతున్నాడట.
ఎక్కేటప్పుడు మాత్రం చప్పుడొస్తోందట.
మళ్ళీ గొర్రెల దగ్గరికి వెళ్తావా అంటే
టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడట.

ఈ పొద్దున ఇంకో డబ్బా వచ్చింది.
కాగితం మీద నంబరు తప్ప ఏమీ లేదు,
ఏ గీతా లేదు.
పొర తీసుకున్నాక మిగతాది పారేయవచ్చు.
సాయంత్రం దాకా పక్కన పెట్టి ఉంచాను,
ఎవరైనా అడుగుతారేమోనని.