వీపులు

వాళ్ళ ముఖాలు అడక్కండి నన్ను.
వీపులైతే చెప్తాను.

పియోరియాలో, నది వైపు స్టాండు మెట్ల కింద
కిటికీ లేని గదిలో
ముప్పై ఒక్క వేసవులు నా కుట్టుమిషన్.
పైన జనం కాళ్ళతో చెక్కల్ని దబదబా కొట్టినప్పుడల్లా
సందుల్లోంచి దుమ్ము రాలి దారపు ఉండల మీద పడేది.
ఎవడో కొట్టాడని అలా తెలిసేది.
ఎవడన్నది మర్నాడు ఉతుకు బుట్ట చెప్పేది.

ఎడమ తుంటి దగ్గర ఎర్రమట్టి, రెండు చిరుగులు:
లానీ బాబినో. సెకండ్ బేస్‌లోకి
ఎప్పుడూ ఆ పక్కకే జారేవాడు,
మంచుగుట్ట మీంచి పిల్లాడు జారినట్టు.
ఒక ఏడాది అరవై నాలుగు బేసులు దొంగిలించాడు.
మరుసటి ఏడాది మోకాలు.
ఆ పై ఏడాది
ప్యాంటు శుభ్రంగా రావడం మొదలైంది.
శుభ్రమైన ప్యాంటు పట్టుకుని ఏడ్చినదాన్ని
ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నలభై ఒకటి, ఆర్వల్ స్టాంకెవిచ్. ఎడంచేతి పిచ్చర్.
చంకలో కుట్టు నెలకోసారి పిగిలేది.
ఆకాశంలోంచి ఏదో లాక్కుంటున్నట్టు చెయ్యెత్తేవాడట.
నేను చూడలేదు. చంక చెప్పింది.
పెద్ద లీగు పిలిస్తే వెళ్ళి తొమ్మిదో రోజుకి వచ్చేశాడు.
"అక్కడ చొక్కాలు ఫ్యాక్టరీవి, మిసెస్ కుహార్,
చెయ్యెత్తితే పట్టేస్తాయి" అన్నాడు.
ఓడిన రెండు ఆటల గురించి
అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మనిషిని తీసేస్తే అంకె నా దగ్గరికొచ్చేది.
కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, ఇంకొకడి వీపుకి.
పదిహేడుని ఆరుగురు మోశారు.
తొమ్మిది దొరకనప్పుడు ఆరుని తలకిందులు చేశాను,
ఎవరూ కనిపెట్టలేదు.

అలాంటిదే అనుకున్నాను ఎవుసేబియో సంగతీ.

షార్ట్‌స్టాప్. సన్నటి భుజాలు, పొడుగాటి పేరు.
చెప్పమంటే రెండుసార్లు చెప్పాడు.
నాకు 'వి' వినబడింది. 'వి' కుట్టాను.
రెండు ఏటవాలు గీతలు, గుడ్డ తక్కువ, పని తేలిక.
నాలుగు సీజన్లు ఆ 'వి'తోనే
గాలిలో అడ్డంగా పడుకుని బంతులు పట్టాడు.
నా కుట్టు చూసి పత్రికవాళ్ళు రాశారు,
పత్రిక చూసి లెక్కలవాళ్ళు.

మొన్న పాత ఆటగాళ్ళ రోజున
అందరి చొక్కాలకీ పక్కల గుడ్డ వేసి వెడల్పు చేస్తున్నాను,
బాబినోకి నాలుగు అంగుళాలు.
ఒకామె వచ్చి మడత విప్పింది. నా కుట్టే.
"నాన్న మార్చిలో పోయారు.
ఇది 'బి' అండీ మా పేరులో.
మా నోట్లో రెండూ ఒకటే."
గొంతులో కోపం లేదు. ఉంటే బావుండును.
రికార్డు పుస్తకంలో ఆయన ఇద్దరట.
ఒహాయోలో 'బి'తో ఆడినవాడికి రెండువందల పదకొండు హిట్లు,
ఇక్కడ 'వి'తో ఆడినవాడికి నాలుగువందల ఆరు.
విడివిడిగా ఏ ఒక్కడూ చెప్పుకోదగ్గవాడు కాడు.
కలిపితే అవునేమో.
కూడిక చేసినవాళ్ళు లేరు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"
"నేనూ అడిగాను.
మీరు రాత్రి పదింటిదాకా కూర్చుని కుట్టారట.
విప్పమనడానికి నోరు రాలేదట."

బ్లేడుతో ఒక్కో టాకా తెంపాను.
'బి'కి గుడ్డ ఎక్కువ కావాలి, దానివి రెండు పొట్టలు.
నీలం కలవలేదు. చుట్టూ ఉన్నవి వెలిసిపోయాయి,
ఇదొక్కటే కొత్తగా, సిగ్గులేకుండా మెరుస్తోంది.
పాత సూదిపోట్లు మాత్రం పూడలేదు.
దీపానికి ఎత్తి పట్టుకుంటే
'బి' కడుపులో 'వి' కనిపిస్తుంది.

ఆమె దాన్ని తొడుక్కుని మెట్లెక్కింది.
మైకులో పేరు చదివారు.
ఏ అక్షరంతో చదివారో
కాళ్ళ చప్పుడులో వినబడలేదు నాకు.
దారపు ఉండల మీద దుమ్ము రాలింది.