ఉప్పు తిన్న ఇనుము

సముద్రంకేసి వాల్చిన చెక్క చట్రం మీద
నూట పన్నెండు ఉక్కు పలకలు.
ప్రతి పలక రొమ్ము మీదా
నేనే బ్లేడుతో గీసిన ఇంటూ గుర్తు.
గాయం లేనిదే పరీక్ష మొదలవదు మా దగ్గర.

ఏడాదికి రెండుసార్లు
స్యూర్ నన్నీ రాతితిప్ప మీద దించి
ఇంజిను ఆపి, ఫ్లాస్కు మూతలో కాఫీ వంచుకుంటూ అడుగుతాడు:
"ఏ రంగు గెలిచింది గున్వోర్?"

రంగు కాదు స్యూర్.
రంగు వట్టి పొడి, ఊదితే పోతుంది.
దాన్ని పట్టుకున్నది వేరే ఉంది,
చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని
తెల్లార్లూ నిలబడ్డ గుంపులాంటిది,
పొడుగాటి గొలుసులు గొలుసులు.
బైండర్ అంటాం.
తలూపుతాడు.
ఆర్నెల్లకి మళ్ళీ అదే అడుగుతాడు.

ముప్పై ఏడో నంబరు నా సొంత బిడ్డ.
లాబ్‌లో, ఉప్పు పొగ చిమ్మే పెట్టెలో
మూడు వేల గంటలు కూర్చుంది.
ఒక్క బొబ్బ లేదు.
ఆ సాయంత్రం కేకు కోశాం కూడా.
ఇక్కడ రెండో ఫిబ్రవరికే గాజైపోయింది.
చలి ఒక హద్దు దాటాక గొలుసులు కదలడం మానేస్తాయి.
పూత ముడుచుకుందామంటుంది
ఉక్కు ససేమిరా అంటుంది
ఇద్దరి పంతం మధ్య వెంట్రుకవాసి చీలిక.
ఉప్పుకి ఆ మాత్రం చాలు.
ఉప్పు తిన్న ఇనుముకి విశ్వాసం ఉండదు.
ఇంటూ గుర్తు చేతుల వెంట
పూత కింద కింద పాకింది తుప్పు
ఒకవైపు పదకొండు మిల్లీమీటర్లు, ఒకవైపు పద్నాలుగు.
రాసుకున్నాను. పెన్సిలు ముక్కు విరిగింది.

ఇరవై రెండు, ఎపాక్సీ: ఉప్పుకి లొంగలేదు, ఎండకి లొంగింది.
వేలితో రాస్తే వేలు తెల్లబడింది.
అరవై నాలుగు, యాక్రిలిక్: మెరుపు అలాగే ఉంది, అడుగున నీళ్ళు.
తొంభై: సముద్రపు కాకి రెట్ట. చదవడం కుదరలేదు.

గుండీలంత బిళ్ళలు అంటించి పంపుతో లాగాను.
ఫట్‌మని ఊడాక, ఎక్కడ ఊడిందో చూడాలి.
ఉక్కు దగ్గర ఊడితే పూత ఓడినట్టు.
నా జిగురులోనే ఊడితే
పూత గెలిచింది, ప్రశ్నే ఓడింది.

ఈసారి అల పెద్దదై పడవ నిలవక
స్యూర్ కూడా ఒడ్డెక్కాడు.
పాత దీపస్తంభం వాళ్ళ సామాన్ల గది
తలుపు తట్టి చూపించాడు.
"మా మేనత్త బోర్గ్‌హిల్ద్ వేసిన రంగు."
ఇనుప తలుపు. ఎర్రగా, నిబ్బరంగా.
నా పలకలకి పది అడుగుల దూరంలో
నాలుగేళ్ళుగా ఉంది, నేనే చూడలేదు.

అనుమతి అడిగి అంచున గోరంత గీకాను.
భూతద్దం కింద చెట్టు మానులా వలయాలు:
అవిసె నూనె, సీస సిందూరం, మళ్ళీ అవిసె నూనె.
ముప్పై ఒకటి లెక్కపెట్టి ఆపాను.
"ప్రతి జూన్‌లో," అన్నాడు స్యూర్,
"పక్షులు గుడ్లు పెట్టే ముందు.
ఒళ్ళంతా ఆ నూనె కంపే, దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు."

ఆ డబ్బా మూత ఈనాడు తీస్తే
విషం తెరిచినందుకు నా ఉద్యోగం పోతుంది.
పైగా మా పరీక్షకి ఒకటే నియమం:
ఒకసారి వేశాక
ఎవరూ మళ్ళీ ముట్టుకోకూడదు.
ముప్పై ఒక్క జూన్‌లకి
నా పట్టికలో గడి లేదు.

తిరిగొస్తుంటే గాలి మారింది.
ఒళ్ళో నోటు పుస్తకం, తెల్లటి వేలు.
రేవు కనపడే దాకా స్యూర్ ఏమీ అనలేదు.
తర్వాత అలవాటు ప్రకారం అడిగాడు.

ఎరుపు, అన్నాను.