పేర్లు మార్చే పని

హన్మకొండల రాత్రి పదకొండు.
ల్యాబ్‌లో ఇన్వర్టర్ మూలుగుతోంది.
నల్ల తెర మీద తెల్ల గీత ఒకటి
ఏం చెయ్యమంటవ్ అన్నట్టు కొట్టుకుంటోంది.

నా ముందర నాలుగు కోట్ల పన్నెండు లక్షల తునకలు.
ఒక మిరప చెట్టు లేతాకును నూరి, కడిగి,
ఐసు డబ్బాల హైదరాబాదుకు పంపితే
మిషను చదివి తిప్పి పంపినవి.
ఒక్కోదానికి నాలుగు వరుసలు:
పేరు,
అక్షరాలు,
ఒక కూడిక గుర్తు,
ఏ అక్షరాన్ని ఎంత నమ్మొచ్చో చెప్పే పిచ్చి గీతలు.

అక్షరాలు నూటయాభై. రకాలు మాత్రం నాలుగే.
పేరేమో జాతకమంత పొడుగు:
ఏ మిషను, ఎన్నో పరుగు, ఏ గాజు పలక,
ఏ గడి, అడ్డం ఎంత, నిలువు ఎంత.
పుట్టిన చోటు అంగుళం తప్పకుండ చెప్పి
ఎవరి బిడ్డో చెప్పని పేరు.

తర్వాతి ప్రోగ్రాముకు ఇంత పేరు పట్టదు.
ఖాళీ కనబడ్డ కాడ ఆగిపోతది,
రేషన్ కార్డుల గడులు అయిపోయిన కాడ
మా ఇంటిపేరు ఆగిపోయినట్టు.
అందుకే ఈ పనిముట్టు. ఒక్క లైను చాలు:
పాతది తీసెయ్, ముందర ఈ మాట పెట్టు,
వెనుక వరుస అంకె వెయ్.
అక్షరాల జోలికి పోకు.

నాకన్న ముందు ఇద్దరు పోయిన్రట.
మూడోవాణ్ణి పెంటకుప్ప మీద పండబెట్టి
చాటెడు నూకలిచ్చి మంత్రసాని దగ్గర మళ్ళ కొనుక్కున్నరు.
పెంటయ్య.
సావుకే అసయ్యం పుట్టాలని పెట్టిన పేరు.
పరకాల బళ్ళె హెడ్‌మాస్టరు
'రేపు సర్టిఫికెట్ మీద ఇదేం పేరురా' అని
ఎర్ర పెన్నుతోటి కొట్టేసి
ప్రవీణ్ కుమార్ అని రాసిండు.
మంచికే రాసిండు.
ఏ పేరు ఏ పేరైందో
ఆ రిజిస్టర్ల ఎక్కడా లేదు.

పోయిన నెల ముబీనా
బాణం గుర్తు పాత ఫైలు మీదికే తిప్పింది.
రెప్పపాటుల ఫైలు సున్న.
ఫ్రిజ్ వెనుక నిలబడి చాలాసేపు ఏడ్చింది.
మరునాడు కండ్లు ఉబ్బి వచ్చి
ఒక చీటీ నా కంప్యూటరుకు అతికించింది:
'కొత్త పేరు పెట్టే ముందు
పాత పేరు పక్కన రాసి పెట్టుకోండి సార్.'
చీటీ అంచు లేచిపోయింది గని ఇంకా ఉంది.

లైను కొట్టిన. ముందర పెట్టే మాట: 'ఏడు'.
ఏడో నమూనా కదా.
ఎంటర్ మీద వేలు పెట్టంగనే ఫోను.
నల్లబెల్లి అవతలి తండ నుంచి బానోతు హచ్యా.
'మోటరు కాడున్న సారూ, నిద్ర పడ్తలేదు.
మా చెట్టు ముచ్చట ఏమన్న తెలిసిందా?'
తామర పురుగు వచ్చిన ఏడు
నాలుగెకరాల మిరప ముడుచుకొని మాడిపోతే
గెట్టు పక్కన ఒక్కటి పచ్చగ నిలబడ్డది.
గా చెట్టు.

'ఇంకా పేర్లు పెడుతున్న, హచ్యా.'
'పేరా?' అని నవ్విండు.
'దానికి పేరెప్పుడో ఉన్నది.
మా ఆడోళ్ళు మొండి అంటరు.'

వెనక్కి కొట్టిన.
ఏడు తీసేసిన.
ఐదు ఇంగ్లీషు అక్షరాలల్ల మొండి అని రాసి,
పాత పేర్లకు పక్కన ఇంకో ఫైలు తెరిచి,
బాణం ఎటు చూస్తుందో రెండుసార్లు చూసి
ఎంటర్.

పదకొండు నిమిషాలు.
మొండి ఒకటి, మొండి రెండు, మొండి మూడు,
లక్ష దాటిన మొండి, కోటి దాటిన మొండి.

గేటు కాడ వాచ్‌మన్ తాళాలు గలగలలాడిస్తూ
'ప్రవీణ్ సారూ, ఇంకెంతసేపు?' అని అరిచిండు.
ఎవరినో అనుకున్న.
రెండోసారి పిలిస్తే గని పలకలేదు.