సంచిలో ఏముంది

మూడు రోజులుగా ఒక ముసలామె
నా తెరమీద నడుస్తోంది.
ఇరవై నాలుగు ఫ్రేముల్లో రెండడుగులు,
మళ్లీ మొదటికి.
ఎక్కడికీ చేరదు. అలిసిపోదు.
అదే తప్పంది ఐల్సా,
నా కుర్చీ వెనక నిలబడి, చల్లారిన టీ తాగుతూ.
"బరువు లేదు. గాలిబుడగ నడిచినట్టుంది."

నేను తక్కువేం చెయ్యలేదు.
ఆమె మొహాన్ని బత్తాయి తొక్కలా ఒలిచి
బల్లపరుపుగా పరిచాను.
చెవుల వెనక కుట్టు దాచాను.
మోకాలికి ఎముక, ఎముకకి కీలు,
కీలు ఎంత వంగాలో దానికో హద్దు.
కోటు గుండీల్లో ఒకటి వేరే రంగుది:
ఊడిపోతే, దొరికింది కుట్టుకుందని
నాకు నేనే చెప్పుకున్న కథ.
వేళ్ల కణుపుల దగ్గర చర్మం
నలభై మూడు సార్లు సరిచేశాను.
ఎడమచేతికి ఒక సంచి తగిలించాను.

ఐల్సా వెళ్తూ వెళ్తూ అడిగింది:
"ఇంతకీ ఆ సంచిలో ఏముంది?"

ఫైలు తెరిచి చూశాను.
ఏమీ లేదు.
ఖాళీ అని కూడా అనలేం,
ఖాళీకైనా కొంత చోటుండాలి కదా.
కెమెరాని లోపలికి దూరిస్తే
సంచే మాయమైంది.

మధ్యాహ్నం బయటికొచ్చాను.
డండీలో ఆ పూట ఎండా వానా
ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.
టే నది మీద రైలు వంతెన
సగం గీసి వదిలేసినట్టుంది,
మిగతా సగం పొగమంచులో.
ఒకప్పుడు గోనెలు నేసిన మిల్లు గోడ పక్కన
బస్టాపులో కూర్చున్నాను.
నెల్లిమర్లలో మా మేనత్త పనిచేసిన మిల్లుకీ
ఇలాంటి గోడే, ఇదే ఎరుపు.
జేబులో మందుల షాపు రసీదు, ఒక బాల్‌పెన్ను.

ఒకామె వచ్చింది. వంకాయ రంగు కోటు.
వీధి కొండెక్కే చోట ఆగింది.
కొండని చూడలేదు, సంచిని చూసింది.
చెయ్యి మార్చింది.
మార్చే ఆ కాసేపూ
రెండు చేతులూ పట్టుకునే ఉన్నాయి,
ఒకటి వదలడానికి రెండోదాని మాట కోసం
ఆగినట్టు.
ఖాళీ అయిన చెయ్యి వెంటనే ఖాళీ కాలేదు.
పదడుగుల దాకా వేళ్లు
లేని పిడిని పట్టుకునే ఉన్నాయి.

గీశాను. గీత తప్పింది.
నా ఎడమచేతి వేళ్లు రెండు, వాటంతటవే,
మోకాలి మీద కంట్రోల్ జెడ్ నొక్కాయి.
రసీదు మీద గీత అలాగే ఉంది.
పోనీలే అని దాని పక్కనే ఇంకోటి గీశాను.
ఆ రెండు గీతల మధ్య
భుజం కుంగింది.

తిరిగొచ్చి సంచిలో బంగాళదుంపలు వేశాను.
తొమ్మిది. ఒక్కోటీ విడిగా మలిచాను.
ఒకదానికి మొలకొచ్చింది.
ఇంకోదానికి పార తగిలిన గాటు.
"అవి తెరమీద కనపడవు, తెలుసా?"
అన్నాడు పక్క సీట్లో రూరీ,
తన డ్రాగన్‌కి పొలుసులు అతికిస్తూ.
తెలుసు.
"ఉత్త గుండ్రాళ్లు వేసి వదిలెయ్యచ్చుగా?"
వదిలెయ్యచ్చు.
మట్టి కూడా అంటించాను.

దుంపలు తమ బరువుకి తామే జారి
సంచి అడుగున ఒక మూలకి చేరాయి.
గుడ్డ అటు సాగింది.
పిడి వేళ్లని కోసింది. వేళ్లు భుజానికి చెప్పాయి,
భుజం నడుముకి.
నడుము ఎవరికీ చెప్పకుండా
కొంచెం పక్కకి ఒరిగింది.
పన్నెండో ఫ్రేములో మడమ
నేలని అడిగి ఆనింది.

ఐల్సా చూసింది. ఇంకోసారి వెయ్యమంది.
బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.
కప్పు బల్లమీద పెట్టి
తన మణికట్టు రుద్దుకుంది.

రాత్రంతా యంత్రాలు రొద పెడతాయి,
ఫ్రేముకి నలభై నిమిషాలు.
తెల్లారేసరికి ఆమె
ఒక్క అడుగు వేస్తే గొప్ప.

నేను దుకాణం మీదుగా ఇంటికి బయల్దేరాను:
పాలు, ఉల్లిపాయలు, సగం ధరకిచ్చిన రొట్టె.
మిల్లు దాటాక కొండ మొదలవుతుంది.
చెయ్యి మార్చుకున్నాను.
ఖాళీ చెయ్యి జేబులో పెట్టుకోబోయి
ఆగాను.
కొంతదూరం దాన్ని అలాగే నడవనిచ్చాను.